నాన్న పేరు మీద ఇచ్చిన మాట

నూజివీడు,
సోమవారం.

నాన్నకు,

సౌజన్య నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, నిన్న విస్సన్నపేట వెళ్ళి ఆవకాయ కాయలు తెచ్చింది. ఢిల్లీ ఎండలో మజ్జిగ తాగుతున్నావా? ఫోన్ చేస్తే నీ చుట్టూ మార్కెట్ అరుపులే వినిపిస్తున్నాయి. అందుకే మామిడికాయల లోడుతో అక్కడికి వస్తున్న పాల్ రాజు అన్న చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను.

"చేపలకి పురుగులు పెట్టడం ఏంటే, మేత దొరకట్లేదా?" అని కిందటిసారి రాశావు. దొరుకుతుంది నాన్నా. కానీ అందులో సముద్రపు చిన్న చేపల పొడి ఉంటుంది. ఒక చేపను పెంచడానికి మరికొన్ని చేపలను చంపడం నాకు నచ్చలేదు. తోటలో రాలి పగిలిన కాయలు తిని నల్ల ఈగ పురుగులు బాగా బలుస్తాయి. వాటిని ఎండబెట్టి, పొడిచేసి, తవుడూ సోయాపిండీ కలిపి మా కాలేజీ ప్రాజెక్టు తొట్టిలోని చేపలకు వేస్తున్నాను. ఆ చేపల నీళ్ళే గులకరాళ్ళలో పెరిగే తోటకూరకు ఎరువు. ఈ పురుగుల్లో దండిగా ఉండే ప్రోటీన్లను పుస్తకంలో మాంసకృత్తులు అంటారు. ఎంత బాగుందో ఆ మాట! పురుగులు జల్లిస్తూ దాన్నే పలుకుతుంటే, "మంత్రాలు కూడా నేర్పుతున్నారా అక్కడ?" అంది అమ్మ.

తొట్టి ఉన్నది వెంకటకృష్ణారావు గారి మామిడితోటలో, ఆయన షెడ్డు వెనకే కదా. పోయిన వారం ఆయన, పురుగుల కోసం నేను దోమతెరలో పెంచుతున్న ఈగల్ని చూసి హడలిపోయారు.

"ఏంటమ్మాయ్ ఇది? పండు ఈగ చావాలని నేను చెట్టుచెట్టుకీ ఎరబుట్టలు కడుతుంటే, నువ్వు పెంచుతున్నావా? మందు కొట్టించేస్తా."

"ఇది వేరే ఈగండీ. మంచి కాయ జోలికి రాదండీ. మందు కొడితే చేపలు చచ్చిపోతాయండీ."

"నీకు తెలుసు. కొనేవాడికి తెలుసా?"

చివరికి ఎలాగో ఆగారు. ఎలా ఆగారో నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను. "మా నాన్న మాట ఇస్తున్నారండీ" అనేశాను. వెంటనే మెత్తబడ్డారు. "కోటేశ్వర్రావు మాట మీదే నా సరుకంతా ఢిల్లీ పంపుతున్నా. సరే, కోతలయ్యేదాకా ఆగుతా. కానీ ఏ కాయలో పురుగొచ్చినా మీ నాన్ననే అడుగుతా" అన్నారు.

సీజన్ చివర్లో పండు ఈగ పురుగు ఏ తోటలోనైనా కనిపిస్తుంది. అది నీ మెడకు చుట్టుకుంటే, వచ్చే ఏడు సరుకు అమ్మడానికి ఆయన నిన్ను ఢిల్లీ పంపుతారా? ఆ తర్వాత అన్నం సహించలేదు.

ఈ ఉదయం ఆయన దగ్గరికి వెళ్ళాను.

"ఆ మాట మా నాన్నది కాదండీ. ఆయన్ని అడగకుండా నేనే అనేశాను. కావాలంటే కవరు కట్టిన కాయ ఒకటి కోసి ఈగల తెరలో పెట్టి, పురుగు పడుతుందేమో చూడండి. కవరు లేనిదైతే పండు ఈగ ముందే గుడ్డు పెట్టి ఉండొచ్చు."

"ప్లీడరు చదువా నీది?" అని నవ్వారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మీ నాన్న మాటకైతే కోతలయ్యేదాకా ఆగేవాణ్ణి. నీ మాటకి ఆదివారం దాకానే. పురుగు కనిపించిందా, అన్నీ ఎత్తేయాలి" అన్నారు.

ఒప్పుకున్నాను. బంగినపల్లి కాయ తెరలో ఉంది. దాని చుట్టూ ఈగలు తిరుగుతుంటే గంటకోసారి వెళ్ళి చూసొస్తున్నాను. అయినా ఈ మధ్యాహ్నం అన్నం తిన్నాను నాన్నా. ఆదివారం ఆ కాయలో ఏం కనిపించినా, ఆయన నన్నే అడుగుతారు.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి
సౌజన్య