కాలేజీకి కంప్యూటర్ కావాలి

ప్రియమైన తమ్ముడికి,

ఆదివారం ఫోన్లో మాట్లాడుకుని మళ్లీ ఈ ఉత్తరమేమిటని కంగారుపడకు. ఫోన్లో అయితే నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను. నేను అడగాలనుకున్నది నోటిదాకా వచ్చేసరికి "సరే అక్కా, ఉంటాను" అంటావు. కాగితం మీదైతే నాకు అడ్డు తగలలేవు.

విషయం ఏమిటంటే, కాలేజీకి కంప్యూటర్ కావాలి. షాపులో రెండు చూపించారు. ఒకటి చిన్నది, బళ్లో మనం మోసుకెళ్లిన అట్లాసు పుస్తకమంత. సంచిలో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు. కాకపోతే అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. రెండోది మామూలు ల్యాప్‌టాప్. కళ్లకి హాయిగా ఉంది గానీ, ఎత్తితే మా ఆస్పత్రి లాండ్రీలో తడి దుప్పటి ఎత్తినట్టుంది. బస్సులో అరగంట నిలబడాలి, అక్కడ మూడంతస్తులు ఎక్కాలి. ఏది కొనమంటావు?

మీ బావ చిన్నదే కొనమన్నారు. ఆయన గొడుగైనా సరే చిన్నదే కొనమంటారు కాబట్టి లెక్కలోకి తీసుకోలేదు.

ఇక్కడ అందరం బాగున్నాం. లాండ్రీలో కొత్త మిషను వచ్చింది. తిరగడం మొదలెడితే గదంతా నడిచి వస్తోంది. దాని కాళ్ల కింద అట్టముక్కలు దోపి కూర్చోబెట్టాం.

ప్రేమతో,
నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

మన చిలక్కి అప్పుడే కాలేజీ చదువు వచ్చేసిందా? నా లెక్కలో అది ఇంకా తొమ్మిదో తరగతే. మేనమామనై ఉండి ఇంత పరధ్యానమేమిటని నాకే సిగ్గేసింది.

పోతే, నువ్వు సరైన మనిషినే అడిగావు. కాటాలు బాగుచేసేవాడి దగ్గర ఊరికే మాటలుండవు, తూకం ఉంటుంది. నిన్న నా చేతికాటా పట్టుకుని మా వీధి చివర కంప్యూటర్ల షాపుకి వెళ్లాను. చిన్నది కిలో నూటయాభై గ్రాములు. పెద్దది రెండు కిలోల మూడువందలు. షాపాయన దగ్గరికొచ్చి, "ఇవి తూకానికి అమ్మమండీ," అన్నాడు. "మీరు అమ్మకపోయినా మోసేవాళ్లకి తెలియాలి కదండీ," అన్నాను. ఆ తర్వాత చార్జర్లు కూడా తూచాను. వాటి బరువు పెట్టె మీద ఎక్కడా రాయరు. అదీ వీళ్ల మాయ.

నా మాట విను, పెద్దదే కొను. చిన్నదాని మీద ఒక వేలు నొక్కితే మూడు అక్షరాలు పడ్డాయి. వయసులో ఉన్న పిల్ల, ఆమాత్రం మోయలేదా?

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నీ శ్రమకి సంతోషం. ఆ షాపాయన ఇంకెప్పుడైనా నిన్ను లోపలికి రానిస్తాడా అన్నదే నా సందేహం.

నువ్వు చెప్పింది బాగానే ఉంది. కానీ కుడి భుజం పట్టేసి, డాక్టరు బరువులెత్తొద్దని చెప్పి ఉంటే? ఈ మధ్య దగ్గర చూపు కూడా మందగించి కొత్త అద్దాలు రాశారు. ఆ అద్దాలతో చిన్నదాంట్లో చదవాలంటే అక్షరాలు పెంచుకోవాలి. పెంచితే తెర మీద నాలుగు లైన్లే పడుతున్నాయి. పైగా క్లాసులు సాయంత్రం. అప్పటికి ఒళ్లు హూనమై ఉంటుంది.

నీకు ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ ఉత్తరంలోనే రాద్దామనుకున్నాను, కలం కదల్లేదు. మళ్లీ రాస్తాను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం చదివాక అన్నం సహించలేదు. పదహారేళ్లకే భుజం పట్టేయడమేమిటి, దగ్గర చూపు పోవడమేమిటి? అది పిల్లా, నానమ్మా? సాయంత్రానికి ఒళ్లు హూనమయ్యేంత చాకిరీ దానిచేత ఏం చేయిస్తున్నావు? మీ ఇద్దరికీ ఉన్నది ఒక్కగానొక్క కూతురు.

చిలక్కి విడిగా ఉత్తరం రాశాను. భుజానికి ఎనిమిది కసరత్తులు బొమ్మలు గీసి మరీ పంపాను. మూడో బొమ్మలో ఉన్నది కొంగ కాదు, నేనే.

ఇక కంప్యూటర్ మాట. నీ తర్జనభర్జన చూస్తే చదువైపోయేదాకా తేలేలా లేదు. పెద్దదే కొనేశాను, నా కానుక. ఆ షాపువాళ్లకి మీ ఊళ్లోనూ కొట్టుందట, వాళ్లే ఇంటికి తెచ్చిస్తారు. దాంతోపాటు కుందేలు బొమ్మున్న సంచి కూడా వస్తుంది. మన చిలక్కి కుందేళ్లంటే ప్రాణం కదా.

నువ్వు మాత్రం దాని జోలికి వెళ్లకు. అసలే మౌస్‌ని ఇస్తిరీ పెట్టెలా పట్టుకుని బల్లంతా ఇస్తిరీ చేసిన మనిషివి. మొన్న ఒక పెళ్లిలో ఈ ముక్క చెబితే జనం పొట్టలు పట్టుకుని నవ్వారు.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

నెల రోజులుగా నా దగ్గర్నుంచి ఉత్తరం లేదని, ఫోన్లో కూడా పొడిపొడిగా మాట్లాడుతున్నానని నీకు అనుమానం వచ్చే ఉంటుంది.

నువ్వు రాసిన కసరత్తులు చిలక భోజనాల దగ్గర అందరికీ చదివి వినిపించింది. మూడోది చేసి చూపిస్తూ నీళ్ల జగ్గు మీ బావ ఒళ్లో బోర్లించింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, "అమ్మా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? నాకింకా పదో తరగతే. నా భుజానికేం కాలేదు. కుందేళ్లంటే ఇష్టం నాలుగేళ్లప్పుడు," అంది.

కాలేజీకి వెళుతున్నది నేనురా. సాయంత్రం క్లాసులు, రసాయన శాస్త్రం. భుజం నాది, అద్దాలూ నావే. చిలక కోసమని నేను ఎక్కడా రాయలేదు. అలాగని నువ్వు పొరపడినప్పుడు దిద్దనూలేదు. ఆ తప్పు నాదే.

ఎందుకు దిద్దలేదంటే, నీకు చెప్పడానికి భయమేసింది. మూడేళ్ల కిందట ఆస్పత్రిలో కంప్యూటర్ నేర్పుతామంటే వెళ్లాను. మౌస్ పట్టుకోవడం నాకెవరూ చూపించలేదు. ఇంటికొచ్చి నవ్వుతూ నీకొక్కడికే చెప్పుకున్నాను. నువ్వు ఊరందరికీ చెప్పావు. ఆ తర్వాత ఏ పేరంటానికి వెళ్లినా నన్ను చూడగానే ఎవరో ఒకరు గాల్లో ఇస్తిరీ చేసేవాళ్లు. నేను మళ్లీ ఆ క్లాసుకి వెళ్లలేదు. ఈసారి కూడా కథైపోతే ఇదీ మానేస్తానేమోనని, ముందు చేరిపోయి తర్వాత చెబుదామనుకున్నాను.

మొదటి రోజు లాండ్రీ నుంచి నేరుగా యూనిఫారంలోనే వెళ్లాను. మెట్లెక్కి ఆయాసపడుతూ ల్యాబు గుమ్మంలో నిలబడితే అక్కడి అటెండరు నన్ను చూసి, "మీకోసమే చూస్తున్నా," అంటూ ఉతకడానికి తీసుకెళ్లమని మాసిన ల్యాబు కోట్లు పదో పన్నెండో చేతుల్లో పెట్టాడు. కాళ్లు వెనక్కి తిరిగిపోదామన్నాయి. కానీ పైనున్న కోటు మీద అయోడిన్ మరక చూసేసరికి ఊరుకోలేకపోయాను. "దీన్ని సబ్బు పెట్టి రుద్దకండి. ముందు విటమిన్ సి బిళ్ల నీళ్లలో కరిగించి పొయ్యండి," అన్నాను. లోపల్నుంచి మాకు పాఠం చెప్పే మేడమ్ వచ్చి, "మీకెలా తెలుసు?" అని అడిగారు. "ఎలా పోతుందో తెలుసండీ. ఎందుకు పోతుందో తెలుసుకుందామని ఫీజు కట్టాను," అన్నాను. ఆవిడ నా చేతుల్లోంచి కోట్లు తీసుకుని అటెండరుకి ఇచ్చేసి, ముందు బెంచీ చూపించారు.

నీ ల్యాప్‌టాప్ కుందేలు సంచిలో పెట్టుకుని మూడు రోజులు మోశాను. నాలుగో రోజు చెయ్యి పైకి లేవక దువ్వుకోవడానికి చిలకని పిలవాల్సి వచ్చింది. దాన్ని కొట్లో ఇచ్చేసి చిన్నది మార్చుకున్నాను. తెర మీద నాలుగు లైన్లే పడతాయి నిజమే. నా బుర్రలోకి ఒక్కసారికి మూడే ఎక్కుతున్నాయి, సరిపోయింది. నొచ్చుకోకు.

కోపం పోయింది కాబట్టే ఇంత రాశాను.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

ఉత్తరం అందిన రోజు పనికి వెళ్లలేదు. ఆ ఇస్తిరీ కథ ఎక్కడెక్కడ చెప్పానా అని గుర్తుచేసుకుంటే పదకొండు చోట్లు తేలాయి. నువ్వూ నవ్వుతున్నావు కదా అనుకునేవాణ్ణి. చుట్టూ అందరూ నవ్వుతుంటే నువ్వు మాత్రం ఏం చేస్తావు? నాకు బుద్ధి లేకపోయింది. తప్పయిపోయింది అక్కా.

చిన్నది మార్చుకుని మంచి పని చేశావు. తూకం చూశాను గానీ మోసేదెవరని అడగలేదు.

ఒక సంగతి అడుగుతాను, ఎవరితోనూ అనకు. స్ప్రింగు కాటా ఏళ్ల తరబడి వాడితే స్ప్రింగు సాగిపోతుంది. నేను కొత్తది వేస్తాను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. మొన్న మా బజార్లో కూరగాయలావిడ కాటా బాగుచేస్తుంటే, "ఇనుము కదండీ, ఎందుకు సాగుతుంది?" అని అడిగింది. "పాతబడిందమ్మా," అన్నాను. "పాతబడితే ఎందుకు సాగుతుంది?" అంది. సామాన్లు సర్దుకుని వచ్చేశాను.

మీ పాఠాల్లో లోహాలు ఎప్పుడొస్తాయో కనుక్కో. లేదంటే మేడమ్‌నే అడిగి, నాకర్థమయ్యేలా విడమరిచి రాయి. నీకు పరీక్షలుంటే అవి అయ్యాకే రాయి, తొందరేం లేదు. అప్పటిదాకా నేను ఆ కూరగాయలావిడ కొట్టు ముందునుంచి కాకుండా వెనక సందులోంచి తిరిగి వెళుతున్నాను.

నీ జవాబు కోసం చూస్తూ,
నీ తమ్ముడు