మూడు ఇంజన్ల రిపోర్టు

నవంబర్ 3, సోమవారం

శ్రీధర్ సారు ఇంటికి వచ్చాడు. మా ఊరి హైస్కూల్ హెడ్మాస్టర్. ఏన్కూరు నుంచి భద్రాచలం దాకా తొమ్మిది బడులకు మోడల్ రైలు సెట్లు ఇస్తున్నారట. మోటారు, గేర్లు, కరెంటు పిల్లలకు చూపించడానికి. పట్టాలు వచ్చేశాయి. ఇంజన్లు ఎవరివి కొనాలో తేలలేదు. ముగ్గురు తలా ఒక శాంపిల్ పంపారు. వాటిని నడిపి చూసి రిపోర్టు ఇమ్మన్నాడు. బాలకృష్ణ గారూ, డీజిల్ షెడ్ల ముప్పై మూడేండ్లు ఫిట్టర్‌గ చేసిన్రు, మీకంటే ఎవరికి ఎరుక అన్నాడు.

రిటైరై నాలుగేళ్లయింది. ఇంజన్ గురించి నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన మాట పూర్తి కాకముందే సరేనన్నాను.

నవంబర్ 4

ఒకటి జర్మనీది, ఒకటి చైనాది, ఒకటి మధిరది. మధిరలో నాగలత అనే ఆమె ఇంట్లోనే చేస్తుందట. ఇదివరకు పాలిటెక్నిక్‌లో ల్యాబ్ అసిస్టెంట్. మూడూ అరచేతిలో పట్టేవే. రోజూ బడిలో పట్టాల మీద గంటసేపు నడపాలి. ఒక్కోదానికి ఒక వారం. ఎన్నిసార్లు ఆగింది, ఎన్ని పెట్టెలు లాగింది, ఎంత వేడెక్కింది, రాయాలి.

నవంబర్ 10

జర్మనీ ఇంజన్ ఒక్కసారి కూడా ఆగలేదు. పన్నెండు పెట్టెలు లాగింది. చప్పుడే లేదు. దానితో వచ్చిన పుస్తకం నాకు చదవడం రాదు కాబట్టి ఎక్కడా చెయ్యి పెట్టలేదు. పాడైతే పార్ట్స్ అక్కడి నుంచే రావాలి. అదొక్కటే మైనస్.

నవంబర్ 15, శనివారం

చైనాది రెండుసార్లు ఆగింది. మలుపులో ఒకసారి పట్టా దిగింది. ఎనిమిది పెట్టెలు. అడుగు మూతకు స్క్రూలు లేవు, అతికించేశారు. విప్పడానికి వీల్లేనిదాన్ని ఇంజన్ అనడం నాకు ఇష్టం లేదు. రిపోర్టులో ఈ ముక్క రాయను.

నవంబర్ 17, సోమవారం

మధిర ఇంజన్ వచ్చిన అట్టపెట్టె ఇంటి దగ్గరే తెరిచాను. నేను పనిచేసిన పాత డీజిల్ ఇంజనే. పొడుగు ముక్కు, పక్కన జాలీ తలుపులు, మేము నడిచే సందు, దాని రెయిలింగ్ కూడా ఉన్నాయి. కాసేపు చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను.

కింద నాలుగు స్క్రూలు. విప్పితే లోపల చిన్న తెల్ల గేర్లు. ఒట్టి పొడిగా ఉన్నాయి. మనసొప్పలేదు. కుట్టుమిషన్ నూనె తెచ్చి గేర్లకు, ఇరుసులకు బాగా పట్టించాను. పెట్టెలో ఏదో చీటీ ఉంటే దానికే చేతులు తుడుచుకున్నాను.

నా భార్య చాంది చూసి, నా మోకాళ్లకు ఎన్నడన్న ఇంత నూనె రాసినవా అని అడిగింది.

నవంబర్ 18

ఆరు పెట్టెలు లాగింది. దాని చప్పుడు నచ్చింది. ఇంకో నాలుగు చుక్కలు వేశాను.

నవంబర్ 20

రెండుసార్లు ఆగింది. మళ్లీ నూనె.

నవంబర్ 21, శుక్రవారం

గంటలో పదకొండుసార్లు ఆగింది. వేలితో తోస్తే కదిలి, మళ్లీ ఆగింది. చూడటానికి వచ్చిన ఎనిమిదో తరగతి వాళ్లు నవ్వారు. ప్యాసింజర్ బండి గిట్లనే ఆగుతది తాతా, క్రాసింగ్ ఉన్నదేమో అన్నది ఒక పిల్ల. నాకు కోపం వచ్చింది. పిల్ల మీద కాదు, నాగలత మీద. షెడ్‌లో అయితే ఇలాంటి పనికి మెమో ఇచ్చేవాళ్లు.

నవంబర్ 22, శనివారం

రిపోర్టు ఇచ్చాను. జర్మనీది ఫస్ట్, కానీ రిపేర్ కష్టం. చైనాది పర్వాలేదు. మధిరది అన్‌రిలయబుల్. కింద సంతకం పెట్టి ఫిట్టర్ గ్రేడ్ వన్, రిటైర్డ్ అని రాశాను. సారు అప్పటికప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి పైకి పంపాడు. రిపేర్ కష్టమంటె జర్మనీది కొనరు, చైనాది ఖాయమైనట్టే అన్నాడు. మధిరామె దీని మీదనే ఆశ పెట్టుకున్నది, ఇది రాకుంటె పని బంద్ చేస్త అన్నది, మనమేం జేస్తం అన్నాడు.

నవంబర్ 24, సోమవారం

పిల్లలు అడిగితే చైనా ఇంజన్‌ను పట్టాల మీద పెట్టాను. ఆగింది. తోశాను. మళ్లీ ఆగింది. అది ఇన్నిసార్లు ఎప్పుడూ ఆగలేదు. పట్టా మీద వేలు పెట్టి లాగితే నల్లటి జిడ్డు వచ్చింది. వాసన చూశాను. కుట్టుమిషన్ నూనె.

ఈ బొమ్మ ఇంజన్‌కు కరెంటు పట్టాల నుంచి చక్రాలకు ఎక్కుతుంది. మధ్యలో జిడ్డు ఉంటే ఎక్కదు. ఇది నాకు తెలియని సంగతేమీ కాదు. మా పెద్ద ఇంజన్ తన కరెంటు తనే పుట్టించుకునేది. దానికి నూనె తక్కువైతేనే మాట పడేవాళ్లం. చేతులకు ఆ అలవాటే ఉంది.

ఇంటికొచ్చి మధిర ఇంజన్ పెట్టె వెతికాను. చీటీ అందులోనే ఉంది, నా వేలిముద్రలతో. చేతిరాత. నూనె వేయకండి, ఈ గేర్లకు పడదు, అనుమానం ఉంటే ఫోన్ చేయండి అని రాసి నంబరు వేసింది. ఇంజన్ విప్పి చూశాను. గేర్ ఒకటి ఉబ్బి పగిలి ఉంది.

జర్మనీదాన్ని భయపడి ముట్టుకోలేదు. చైనాదాన్ని విప్పలేక ముట్టుకోలేదు. దీన్ని మనదే కదా అని చెడగొట్టాను.

నవంబర్ 25

సారుకు చెప్పలేదు. పనిలో ఉన్నాడు.

పనిలో ఏమీ లేడు. వరండాలో పేపర్ చదువుకుంటున్నాడు.

నవంబర్ 28, శుక్రవారం

నాగలత తన ఇంజన్ తీసుకుపోవడానికి రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చింది. నలభై ఏళ్లుంటాయి. నిన్న సాయంత్రం ఇంజన్‌ను నూనె జాడ లేకుండా స్పిరిట్‌తో కడిగి, చీటీ పొయ్యిలో వేశాను. ఈ మాట రాయకూడదనుకున్నాను.

గుమ్మంలోనే నిలబడి మూత తీసి పగిలిన గేర్ చూసింది. తప్పు నాదేనండి, గేర్ మెటీరియల్ సరిగా చూసుకోలేదు, మీలాంటి పెద్దవారు నడపబట్టి తెలిసింది అన్నది. జనవరిలో జిన్నింగ్ మిల్లు ఆఫీసులో చేరుతుందట. ఆలోపు ఇంట్లో ఉన్న ఇంజన్లన్నిటికీ గేర్లు మార్చి చూస్తానన్నది. దండం పెట్టింది. నేను సరే అన్నాను. అంతే అన్నాను.

ఆమె పోయాక చాంది అడిగింది. గామె దండం పెడ్తుంటె నేల చూసినవ్, ఏం జేసినవ్ ఆమెకు? చెప్పాను. మా లంబాడీ భాషలో ఒక మాట అన్నది. అది ఇక్కడ రాయను.

డిసెంబర్ 1, సోమవారం

తప్పు నాదని కాగితం మీద రాసి సారుకు ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. ఆర్డర్ పోయింది, ఇప్పుడు ఇది పంపితె మిమ్మల్ని ఎందుకు పెట్టినవని నన్నడుగుతరు అన్నాడు. పంపుతారా అన్నాను. చూస్త అని సొరుగులో పెట్టాడు.

మనసు తేలికవుతుందనుకున్నాను. కాలేదు. ముందు చెప్పాల్సింది ఆయనకు కాదు.

డిసెంబర్ 4, గురువారం

మధిర వెళ్లాను. ముందు గదిలో బల్ల మీద ఇంజన్లు వరుసగా, మూతలు తీసి ఉన్నాయి. బల్ల కింద బకెట్‌లో తీసేసిన తెల్ల గేర్లు. నిలబడే చెప్పాను. నూనె, చీటీ, స్పిరిట్, పొయ్యి.

నాగలత చేతిలోని స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టింది. తర్వాత, ఆ రోజు మీ గుమ్మంలోనే ఉన్నాను కదండీ, అప్పుడేమైంది మీ నోరు అన్నది. ఆరు రోజుల నుంచి బాగున్న గేర్లు పీకి పారేస్తున్నానండి అన్నది. క్షమించమని అడగలేకపోయాను.

మెట్లు దిగుతుంటే పిలిచింది. ఆదివారం రండి, మీ నూనె తెచ్చుకోండి అన్నది. ఎందుకని అడిగాను. ఇవి మీలాంటి వాళ్ల చేతుల్లోకే పోతాయి, నూనె పోసినా నడిచేది చేయాలంటే పోసేవాడొకడు కావాలి కదండీ అన్నది. నవ్వలేదు.

డిసెంబర్ 7, ఆదివారం, మధ్యాహ్నం 12

నాగలత బల్ల మీద మొదటి ఇంజన్ ఆరో చుక్కకు ఆగింది. ఆమె రాసుకుంది. రెండోది నాలుగో చుక్కకే ఆగింది. మూడోది తెచ్చి చేతికిచ్చింది. ఇంకా రంగు వాసన పోలేదు. పోయండి అన్నది.

పోశాను.