గుండ్రంది అని రాయలేదు

బేతంచెర్ల, మంగళవారం.

డ్రిల్లు మాస్టరుగా నేను ఆరు నెలలుగా అడుగుతున్న ఫుట్‌బాల్ ఈరోజు బడికి వచ్చింది. అట్టపెట్టె విప్పితే కోలగా, రెండు కొసలూ మొనదేలి ఉంది.

"ఇదేంది సార్, బొప్పాయి మాదిరి ఉండాది!" అన్నాడు మా జట్టు కెప్టెన్ ఖాసీం.

"అమెరికాలో దీన్నే ఫుట్‌బాల్ అంటారంటప్పా. గుండ్రంది కావల్లని నువ్వు రాయాల్సింది గదా," అని హెడ్‌మాస్టరు నన్ను చూసి నవ్వాడు. నిజమే, అర్జీలో రాయలేదు.

పాత బంతి చిరిగి మూడు వారాలైంది. పదకొండు మందిలో ఏడుగురే మిగిలారు. వాళ్లు దీన్నే తన్ని చూశారు. "ఈడ తంతే యాడికో పోతాంది సార్," అంటూ ఒక్కొక్కరే పక్కన క్రికెట్ ఆడేవాళ్లలో కలిశారు. ఖాసీం మాత్రం చివరిదాకా నిలబడ్డాడు.

"మనది ఎప్పుడొస్తాది సార్?"

వచ్చే నెల అన్నాను. వాడు నమ్మలేదు.

"ఆడ ఫీల్డింగుకు పిలుస్తాండారు సార్, పోతా," అన్నాడు. పొమ్మన్నాను.

మండల పోటీలకు పేర్లివ్వడానికి ఈరోజే ఆఖరు. ఈసారి పంపకపోతే మా బడిలో ఈ ఆట ఆగిపోయినట్టే. సాయంత్రం, జట్టు లేదని రాసిచ్చాను. తర్వాత స్టాకు రిజిస్టరులో 'ఫుట్‌బాల్ ఒకటి అందింది' అని సంతకం పెట్టాను. అందిందని రాశాక మరొకటి అడగడానికి లేదు.