కందిరీగ సూది

చెల్లె సత్తెమ్మా,

సీతాఫలాలు తెంపుతూ కందిరీగ కుట్టి నువ్వు పోయి నేటికి పదకొండేళ్లు. పాము కరిచిందనుకుని నీ చేతికి తాడు బిగించి మంత్రగాని దగ్గరికి మోసుకుపోయినవాళ్లలో నేనూ ఉన్నాను.

పోయిన ఏడు నీ బిడ్డ లచ్చిమినీ కుట్టింది. ముఖం ఉబ్బి ఊపిరాడలేదు. జడ్చర్ల దవాఖానలో బతికింది. ఇప్పుడు పట్నం డాక్టరు వారం వారం సూది వేస్తున్నాడు. మందేమిటో తెలుసా? కందిరీగల నుంచే తీసిన విషం! మొదట చుక్కలో చుక్క, తర్వాత కొంచెం కొంచెం ఎక్కువ.

"నా చెల్లెను చంపినదాన్నే పిల్లకు ఎక్కిస్తరా డాక్టరు సాబ్?" అని నిలదీశాను.

"అమ్మా, విషం జరంతనే. దానికి ఒళ్లే బెదిరి ఆగమైతది. రోజు కనవడే మనిషిని చూసి కుక్క మొరుగుడు మానదా? గట్ల అలవాటు చేస్తున్నం," అన్నాడు.

నేను నమ్మలేదు. సూది దిగిన చోట వాపును ప్రతిసారీ దారంతో కొలిచి ముడి వేస్తున్నాను. మందు పెరుగుతున్నా వాపు తగ్గుతోంది. అయినా మొరగని కుక్క మచ్చికైనట్టా, కాటుకు పొంచినట్టా?

"పెద్దమ్మా, రేపు గుట్టకు సీతాఫలాలకు పోత. నీకెందుకు ఫికర్?" అంటోంది లచ్చిమి.

వద్దనలేదు. కొమ్మలు వంచేది మాత్రం నేనే.

నీ అక్క