గోపక్క సాక్ష్యం

పుణె,
18-8-2019.

మా వాడకట్టుకంతా మందులిచ్చే ఆశా కార్యకర్త గోపక్కకు, తమ్ముడు దశరథ్ నమస్కారాలు. నేను, నీ మరదలు హరిత ఇక్కడ క్షేమం. తిరుమలగిరిలో నువ్వు, బావ చల్లగా ఉండాలి.

చెప్పకుండా రాష్ట్రం దాటినందుకు నీ కోపం ఇంకా చల్లారి ఉండదు. ఫోన్లో అయితే సగంలోనే తిట్టి పెట్టేస్తావు. ఉత్తరమైతే తిట్టుకుంటూనైనా చివరిదాకా చదువుతావని రాస్తున్నాను.

నా గురించి ఫికరు పడకు. మేస్త్రీ పని దొరికింది. టీబీ మందులకు సర్కారు దవాఖానలో పేరు కూడా రాయించుకున్నాను. మొదట్లో ఒక తిప్పలొచ్చింది. ఏ ఊరని అడిగితే హైదరాబాద్ అన్నాను. రాష్ట్రం దాటితే మనమంతా హైదరాబాదోళ్లమే కదా! పాపం, వాళ్లు వారం రోజులు అక్కడి టీబీ మందుల లెక్కల్లో నా పేరు వెతికించారు. ఉంటే కదా దొరకడానికి. తిరుమలగిరి అని చెప్పనీకి నామోషీ అయితాందా అని హరిత కడిగిపారేసింది. ఆ రోజే ఊరి పేరు, నీ నంబరు ఇచ్చాను.

వాళ్లు నీకు ఫోన్ చేసినప్పుడు పక్కనే ఉన్నాను. మా దశరథ్ రెండు నెలల్ల ఒక్క గోలీ తప్పలే, నా కండ్ల ముందటనే మింగిండు, గా ముచ్చటకు నేనే సాక్ష్యమని నువ్వు చెప్తుంటే స్పీకర్లో విన్నాను. అక్కా, నా తరఫున అంత గట్టిగా మాట్లాడినవాళ్లు ఇంతవరకు లేరు. ఏడుపొచ్చింది.

నాకు నయమవుతుంది, అందులో అనుమానం లేదు. ఇక్కడి ఆశా ఆమె పొద్దున్నే మా రేకుల ఇంటికి వచ్చి గోలీ మింగించి, నీలాగే నోరు తెరిపించి, నాలుక లేపించి చూస్తేగాని కదలదు. దగ్గు తగ్గింది. అన్నం సయిస్తోంది. ఫిబ్రవరిలో మందులు అయిపోగానే వచ్చి నీ ముందు నిలబడతాను.

నీ మాట నిలబెట్టే తమ్ముడు,
దశరథ్

తా.క.: ఆరు నెలల మందుల్లో ఇక నాలుగు నెలలవే మిగిలాయి కదా, ఫిబ్రవరి ఏందని వేళ్ల మీద లెక్కపెడుతుంటావు. గోలీలకు మూత్రం ఎర్రగా వస్తది, భయపడకని నువ్వు ముందే చెప్పినా, చూడగానే నెత్తురే అనుకున్నాను. నెల రోజులు గోలీలు చెంపలో దాచి, నువ్వు సందు తిరగ్గానే ఊసేశాను. నువ్వు నాలుక కిందనే చూసేదానివి. నీ సాక్ష్యం విన్న తెల్లారి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పేశాను. మళ్లీ మొదటి గోలీ నుంచి మొదలుపెట్టారు. నీ తప్పేమీ లేదని కాగితంలో రాయించాను. చెంపలో కూడా వేలు పెట్టి చూడమని ఇక్కడి ఆమెకు నేనే నేర్పాను.