పద్దెనిమిది సెంటీమీటర్లు

ప్రియమైన బాబాయ్,

మోకాలు ఎలా ఉంది? పిన్ని మాట విని మెట్లు దిగడం మానేశావా, లేక ఆవిడ అటు తిరగగానే ఇటు దిగుతున్నావా? ముందు ఇన్ని కుశలాలు అడిగానంటే వెనక చేదు మాత్ర ఏదో ఉందని నీకు ఈపాటికి అర్థమై ఉంటుంది.

మన సముద్రం గుహ సంగతి. లోపలికి ఊరిన నీటిమట్టం ఎక్కడ నిలిస్తే అక్కడ, పైనుంచి వేలాడే రాళ్లకు గాజు తొడిగినట్టు సున్నపు కట్టు పేరుకుంటుంది. సముద్రం దిగిపోయినా కట్టు మిగులుతుంది. దాని వయసు ప్రయోగశాల చెబుతుంది, ఎత్తు నువ్వు చెప్పావు. నేలలో దిగ్గొట్టిన ఇత్తడి మేకు మీద కొలకర్ర నిలబెట్టి ఇరవై ఏళ్లు కొలిచావు. ఆ పని మీద నాకు ఆశ పుట్టించిందీ నువ్వే.

పోయిన నెల లేజరు పరికరంతో మళ్లీ కొలిచాను. గుహలో మిగిలిన ప్రతి కట్టూ నీ చివరి కొలతల పుస్తకంలో పద్దెనిమిది సెంటీమీటర్లు ఎక్కువుంది. నాలుగుసార్లు కొలిచినా అంతే. కారణం తెలియకుండా అంకెలు దిద్దకూడదు. పరీక్షకని కోసి పంపిన కట్లు ఇప్పుడు గుహలో లేవు, వాటి ఎత్తులు నీ పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేవు.

నిన్ను అడగాల్సింది. "నా కొలతలో వెంట్రుకవాసి తేడా చూపించండి" అని అందరి దగ్గరా మీసం మెలేసేవాడివి, నోరు రాలేదు. పుస్తకం నీళ్లలో తడిసిపోయిందని, అంకెలు చదవడానికి లేవని పరిశోధన పత్రికవాళ్లకు రాసేశాను. వచ్చే నెల మన గుహ మీద నా వ్యాసం నీ కొలతలు లేకుండా, నీ పేరు లేకుండా వస్తుంది. నీ పరువు కాపాడుతున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. మింగలేక, కక్కలేక ఇన్నాళ్లు గడిపాను. నువ్వు ఏమన్నా పడతాను బాబాయ్.

నీ పిడుగు

*

పిడుగమ్మా,

నీ ఉత్తరం పిన్ని చదివి వినిపించింది. సగంలో ఆవిడ కళ్లజోడు తుడుచుకుంటే నేను పకపకా నవ్వాను. "మనిషివేనా?" అంది.

అన్నిట్లోనూ ఒకే తేడా వస్తే తప్పు మనిషిది కాదు, కర్రది. ఉప్పునీటికి దాని అడుగు పుచ్చిపోతే రంపంతో కోశాను. ఎంత కోశానో, ప్రతి అంకెలోంచి ఎంత తీసెయ్యాలో ఆ పుస్తకం అట్ట మీద తేదీ వేసి మరీ రాశాను. నువ్వేమో నా చేతిలోంచి తీసుకున్నరోజే భక్తిగా దానికి ఖాకీ కాగితం చుట్టేశావు. విప్పి చూడు. ఒక్క మాట అడిగితే గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చావు.

నా పేరు వేస్తే వెయ్యి, లేకపోతే లేదు. తప్పు కొలిచానని రాసినా ఊరుకునేవాణ్ణి, పొరపాటు ఎవరికైనా వస్తుంది. నాకు కష్టం కలిగించిన మాట వేరే ఉంది. ఆ గుహలో నడుంలోతు నీళ్లు. కాలు జారితే నేను మునిగేవాణ్ణి తప్ప పుస్తకం పట్టుకున్న చెయ్యి కిందికి దించలేదు. ఈ మోకాలు అక్కడ పోయిందే. అలాంటిది, తడిపేశానని రాశావా అమ్మా?

రేపు పొద్దున్నే పత్రికవాళ్లకు నిజం రాయి. పద్దెనిమిది సంగతి రెండో పేరాలో పెట్టుకో. మొదటి వాక్యం మాత్రం నేను చెప్పినట్టే రాయి: పుస్తకం తడవలేదు.

మీ బాబాయ్