కిటికీ చువ్వలు తిన్నగానే ఉన్నాయి

అక్కయ్యకు,

గడియారాలు బాగుచేసే తమ్ముడు నమస్కారం పెట్టి, సంతోషంతో కూర్చోలేక నిలబడే రాసేది. నా ఎడమ కంటి వెనక సన్నని రక్తనాళం పూడుకుపోయి, నీరు ఊరి వాపు వచ్చిందని రాశాను కదా. మొన్న కంట్లోనే సూది వేశారు. ముందు చుక్కలు వేసి మొద్దుబార్చారు, దోమ కుట్టినంత కూడా తెలియలేదు. రోజూ పొద్దున్నే ఒక కన్ను మూసి కిటికీ చువ్వలు చూడమన్నారు. వంకరగా కనిపిస్తే వాపు ఉన్నట్టట. చూశాను. దారం పట్టి కొలిచినంత తిన్నగా ఉన్నాయి. నెలనెలా సూదికి రమ్మన్నారు గానీ, నడుస్తున్న గడియారాన్ని ఎవరైనా విప్పుతారా? నేను వెళ్లను.

నయమైపోయిన
నీ తమ్ముడు

తా.క. సూది వేసేటప్పుడు డాక్టరమ్మ ఊపిరి బిగబట్టింది. గడియారం ముల్లు బిగించేటప్పుడు నేనూ అంతే. తోటి పనివాళ్లం.

---

తమ్ముడికి,

అక్క ముందు దీవించి, తర్వాత తిట్టి రాసేది. నలభై ఏళ్లుగా బట్టలు కుడుతున్నాను. ఒక్క కుట్టు వేసి దారం తెంపితే జేబు నిలుస్తుందా? వాపు ముదిరితే చూపు పోతుందని, పోయిన చూపు మళ్లీ రాదని డాక్టరమ్మ చెప్పిందట కదా. మరదలు నాకు విడిగా కార్డు రాసింది. నువ్వు నీళ్లు గ్లాసులో కాక పక్కన పోస్తున్నావట. నోరు మూసుకుని ఆస్పత్రికి వెళ్లు.

కత్తెర చేత పట్టుకున్న
మీ అక్క

తా.క. మరదలి కార్డు తడిసి వచ్చింది. అవి కన్నీళ్లో, నువ్వు పోసిన నీళ్లో తెలియలేదు.

---

అక్కయ్యకు,

అవమానపడ్డ తమ్ముడు రాసేది. నీ పోరు పడలేక వెళ్లాను. కంటి ఫొటోలు తీసే మిషను, వాపు ఇంకా ఉందని చూపించింది. ఇంట్లో నాకు చువ్వలు తిన్నగా కనిపిస్తుంటే మిషను కాదంటుందా? అదే చెడిపోయింది. పోనీ బాగుచేసి పెడదామని స్క్రూడ్రైవరు తీసి వెనక మూత విప్పబోయాను. నర్సమ్మ రెక్క పట్టుకుని వరండాలో కూర్చోబెట్టింది. గురువారం మళ్లీ వెళ్లి, అందరి ముందూ అక్షరాల బోర్డు మీద చివరి వరస చదువుతాను. చదవలేకపోతే వాళ్లు చెప్పినన్ని సూదులు వేయించుకుంటాను.

పౌరుషం గల
నీ తమ్ముడు

తా.క. మిషను మూత మరమేకు ఒకటి నా జేబులో ఉండిపోయింది.

---

తమ్ముడికి,

అక్క బెంగతో రాసేది. నువ్వు పందెం ఓడతావని కాదు, గెలుస్తావేమోనని నా భయం. చిన్నప్పుడు నీకు సూదిలో దారం ఎక్కించడం నేర్పింది నేనే. అప్పుడూ ఒక కన్ను మూసి, నాలుక బయటపెట్టేవాడివి. నీ కన్ను పోతే నాకు రెండూ పోయినట్టేరా. గెలిచినా సరే, సూది వేయించుకో.

మీ అక్క

తా.క. ఆ మర ఇచ్చెయ్యి.

---

అక్కయ్యకు,

గెలిచి ఓడిన తమ్ముడు రాసేది. చివరి వరస గడగడా చదివేశాను. వరండా అంతా చప్పట్లు. డాక్టరమ్మ మాత్రం, "బాబాయిగారూ, సూది వేసింది ఎడమ కంటికి. మీరు మూసుకున్నదీ ఆ కన్నే" అంది.

నలభై ఏళ్లుగా కుడి కంటికి భూతద్దం బిగించి, ఎడమ కన్ను మూసి పనిచేస్తున్నాను కదా. ఒక కన్ను మూయమంటే రోజూ అదే మూసుకుంది. కుడి కన్ను మూద్దామంటే రెప్ప మాట వినలేదు, చేత్తో కప్పాను. బోర్డు ఉంది, అక్షరాలు లేవు. డాక్టరమ్మకు చెవులున్నాయి, మొహం లేదు. వెళ్లి సూది బల్ల మీద నేనే పడుకున్నాను అక్కా. అప్పటికప్పుడు రెండో సూది, నెల తిరిగాక నిన్న మూడోది. ఇవాళ ఎడమ కంటికి చువ్వలు కొంచెం ఒంగి, కొంచెం తిన్నగా కనిపించాయి. ఎన్ని సూదులు వేసినా కిక్కురుమనను.

బుద్ధి వచ్చిన
నీ తమ్ముడు

తా.క. మర ఇచ్చేశాను. ఈ ఉత్తరమంతా ఎడమ కంటితోనే రాశాను. కుడి కన్ను ఇప్పటికీ తనంతట మూతపడదు, నీ మరదలు అరచెయ్యి అడ్డం పెట్టింది. అక్షరాలు వంకరగా ఉంటే తప్పు నా కంటిది కాదు. ఆవిడ నవ్వుతుంటే నా తల ఊగుతోంది.